చంద్రిక కుడిచేయి

పంజగుట్ట చౌరస్తా దగ్గరి ఒక నగల దుకాణంలో, మూడో అంతస్తు మూలన, కిటికీ లేని గది ఒకటి ఉంది. చంద్రిక ఆ గదిలో కూర్చుని ఐదేళ్లు జనం చేతులు చూసింది. అదే ఆమె ఉద్యోగం. ఎదురుగా రెండు పెద్ద తెరలు, ఒక్కో తెరలో పదహారేసి గడులు. కెమెరాలు పైకప్పు నుంచి చూస్తాయి కాబట్టి ముఖాలు సరిగ్గా కనబడవు. పాపిళ్లు, బట్టతలలు, వాటి ముందు గాజు బల్లల మీద కదిలే చేతులు. శబ్దం ఏమీ ఉండదు. కింద పెళ్లిబృందం నవ్వినా, పిల్లవాడు ఏడ్చినా ఆ గదిలోకి వచ్చేది ఏసీ రొద ఒక్కటే.

చేతుల్ని బట్టి మనుషుల్ని చదవడం ఆమెకు తొందరగానే పట్టుబడింది. కొనాలని వచ్చిన చేయి నగను తిప్పితిప్పి చూస్తుంది. కొనలేని చేయి ఒక్కసారి తాకి వెనక్కి పోతుంది. దొంగ చేయి మాత్రం వణకదు. అందరి చేతులకన్నా నిదానంగా, నిద్రలో ఉన్నట్టు కదులుతుంది. అలాంటి చేయి కనబడితే చంద్రిక ఫోన్ ఎత్తి కౌంటర్ నంబర్ చెప్పేది. ఆమె చెప్పింది తప్పిన సందర్భాలు తక్కువ.

ఆమె తండ్రి మొగిలయ్య మెదక్ దిక్కు నుంచి వచ్చి బోరబండలో స్థిరపడ్డ తాపీమేస్త్రీ. చంద్రిక డిగ్రీ చదివి, అమీర్‌పేటలో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, ఈ దుకాణంలోనే గాజుల కౌంటర్‌లో చేరింది. అక్కడ రెండేళ్లు పనిచేశాక ఒకరోజు ఒక పెద్దింటి ఆవిడ గాజులు తొడిగించుకోబోతూ చటుక్కున చేయి వెనక్కి లాక్కుంది. "ఆ వేళ్లతో నన్ను ముట్టుకోకు," అంది. గోళ్లు మాంసం దాకా కొరికేసిన వేళ్లు. అంచుల్లో ఎండిన నెత్తురు. మర్నాటి నుంచి చంద్రికను పైకి, కెమెరా గదికి పంపేశారు. ఆమెకు అది శిక్ష అనిపించలేదు. గోళ్లు కొరుక్కోవడం అందరికీ ఉండేదే, తనకు కాస్త ఎక్కువ, అంతే అనుకుంది.

కిందటేడు ఆషాఢం తగ్గింపు అమ్మకాల రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఏడో కౌంటర్ దగ్గర ఒక చేయి ఉంగరం మార్చేసి నకిలీది పెట్టడం చంద్రిక కనిపెట్టింది. కాపలావాళ్లు మెట్ల దగ్గరే పట్టుకున్నారు. మర్నాడు భద్రత చూసే ఫణీంద్ర ఆమెను తన గదికి పిలిచాడు. విజయవాడ మనిషి, నెమ్మదస్తుడు.

"నువ్వు ఫోన్ చేసిన వీడియో ముక్క ఓనరుగారికి చూపిద్దామని తీశానమ్మా. మీ గదిలో పోయిన నెల కెమెరా పెట్టాం కదా, అందులోది." ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు. "ఒకసారి చూడు."

కెమెరా పెట్టిన సంగతి ఆమె మర్చిపోయింది. దాని బొమ్మ ఆమె తెరల మీదకు రాదు.

తెర మీద ఒక ఆడమనిషి వీపు, పక్కనుంచి చెంప కనబడుతున్నాయి. నా కుర్చీలో ఎవరు కూర్చున్నారు అనుకుంది చంద్రిక. తరవాత ఆ చీర గుర్తుపట్టింది. తెరలో ఉన్న మనిషి కుడిచేయి ఒడిలోంచి లేచింది. ఎవరో దారం కట్టి పైకి లాగుతున్నట్టు మెల్లగా లేచి నోటి దగ్గరికి చేరింది. పళ్లు కదిలాయి. ఒక వేలు అయ్యాక ఇంకో వేలు. మధ్యలో చేయి నోటి నుంచి బయటికి వచ్చి, తెరల వెలుగులో వేలికొనను అటూ ఇటూ తిప్పి చూపించుకుని, మళ్లీ లోపలికి పోయింది. ఆ మనిషి కళ్లు మాత్రం ఒక్క క్షణం తెరల మీంచి పక్కకు పోలేదు. సరిగ్గా మూడూ పన్నెండుకు ఎడమచేయి ఫోన్ ఎత్తింది. కుడిచేయి నోట్లోనే ఉంది. వేలు పళ్ల మధ్య ఉండగానే పెదాలు కదిలాయి.

"నలభై నిమిషాలమ్మా," అన్నాడు ఫణీంద్ర. "మొదట ఏదో తింటున్నావనుకున్నా."

చంద్రికకు ఆ మధ్యాహ్నం బాగా జ్ఞాపకం ఉంది. ఉంగరం, ఏడో కౌంటర్, ఫోన్ అన్నీ. తన రెండు చేతులూ ఒడిలోనే ఉన్నాయి. ఆ సంగతి ప్రమాణం చేసి చెప్పగలదు.

"అది నేను కాదు సార్," అనబోయి ఆపుకుంది. ఫణీంద్ర తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

ఇంటికి వెళ్లి అత్త రుద్రమ్మతో చెప్పింది. రుద్రమ్మ మందలించలేదు. వేపాకు నూరి, ఆ పసరు కోడలి పది వేళ్లకూ పట్టించి పొద్దున్నే పనికి పంపింది. బోరబండలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది చంద్రిక. బస్సు మారడానికి అమీర్‌పేటలో దిగేసరికి నోరంతా చేదు విషం. వేళ్లు చూస్తే కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. దారిలో ఏం జరిగిందో తెలియదు. ఎస్.ఆర్.నగర్ దగ్గర ఎర్ర సిగ్నల్ పడడం, ఎవరో చిల్లర కోసం కండక్టర్‌తో గొడవపడడం తెలుసు. చేయి సంగతి మాత్రం తెలియదు.

తరవాత నూలు తొడుగులు కొనుక్కుంది. పొద్దున పదింటికి చేతులకు వేసుకుని కూర్చుంటే, మధ్యాహ్నం టిఫిన్ సంచి తెరిచినప్పుడు అవి అడుగున ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి దోపి, చక్కగా మడతపెట్టి. ఆ గదిలోకి ఇంకెవరూ రాలేదు. చంద్రిక ఆ పూట అన్నం ముద్ద నోటికి ఎత్తుకోలేకపోయింది. ఎత్తేది ఆ చేయే కదా.

"అది నీ చేయి గాదు బిడ్డా," అంది రుద్రమ్మ ఆ సాయంత్రం, గొంతు తగ్గించి. "నీ చేతిల ఇంకెవరో కూసున్నరు. తల్లి దగ్గరికి పోదాం."

ఆదివారం ఇద్దరూ బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లారు. బోనాల రోజులు. రెండు గంటలు లైన్లో నిలబడ్డారు. కొబ్బరికాయ, పసుపుకుంకుమలు, వేపమండలు ఉన్న పళ్లెం చంద్రిక రెండు చేతులతో పట్టుకుంది. ఆ రెండు గంటలూ కుడిచేయి బుద్ధిగా ఉంది. పూజ అయ్యాక రుద్రమ్మ ఆ మణికట్టుకు పసుపుదారం కట్టింది. బుధవారం పనిలో ఉండగా చంద్రిక దారం వైపు చూసుకుంది. ముడి దగ్గర కొస తడిగా ఉంది. నమిలి నమిలి పీచు లేచిపోయింది.

ఆ వారమే ఉంగరపు వేలికి గోరుచుట్టు లేచింది. వేలు వంకాయలా ఉబ్బింది. ఆసుపత్రిలో చీము తీసి, కట్టుకట్టి, "ఈ అలవాటు మానెయ్యండమ్మా" అని చెప్పి పంపించారు. మానాలంటే అది ఎప్పుడు జరుగుతోందో ముందు తనకు తెలియాలి కదా అని అడగాలనుకుని అడగలేకపోయింది.

కట్టున్న వేలితో పనికి వచ్చిన మొదటిరోజు, చేతులకు ఏదో ఒక పని చెప్పాలని బల్ల తుడవడం మొదలుపెట్టింది. కీబోర్డు దుమ్ముపట్టి ఉంటే తెల్లకాగితం మీద బోర్లించి తట్టింది. నూకలు రాలినట్టు రాలాయి. ఎప్పుడో తిన్న అటుకులేమో అనుకుంది. వంగి చూస్తే అవి గోళ్లు. నెలవంకల్లా వంగినవి, చీలినవి, పంటిగాటు పడినవి. ఐదేళ్ల గోళ్లు. వాటిని చూసినప్పుడు భయం వేయలేదు. వేలితో కుప్పను కదిపినప్పుడు వేసింది. కింద కొన్ని ఎర్రగా ఉన్నాయి.

చంద్రిక పుట్టి బుద్ధెరిగి గోళ్లకు రంగు వేసుకోలేదు. వేసుకోవడానికి ఆమెకు గోళ్లు ఎప్పుడున్నాయి? కానీ ఆ ఎర్ర ముక్కల మీద కూడా పంటిగాట్లు ఉన్నాయి.

గాజుల దగ్గర ఉన్న రెండేళ్లలో పైగదిలో ఎవరుండేవారో ఆమె ఎప్పుడూ చూడలేదు. కాగితం మడిచి కిందికి దిగి, పాత కాపలాదారు దుర్గేష్‌ని అడిగింది. "నాకంటె ముందల ఆ రూముల ఎవరు కూసుంటుండె అన్నా?"

"స్వరాజ్యం మేడం. మూడేండ్లు చేసి మానేసింది," అన్నాడు. "ఎర్రమంజిల్ క్వార్టర్స్‌ల ఉంటది. మస్తు మంచి మనిషి. పోయేటప్పుడు జర పిచ్చిపిచ్చిగ ఉండె."

మంగళవారం సెలవు. పదకొండు గంటల ఎండలో చంద్రిక ఎర్రమంజిల్ వెళ్లింది. పాత క్వార్టర్ల మెట్లెక్కి తలుపు తట్టింది. యాభై ఏళ్ల ఆవిడ తలుపు తీసి, వచ్చిన మనిషి ముఖం చూడలేదు. ముందు చేతులవైపు చూసింది.

"కెమెరా రూమా?" అంది.

"అవునక్కా."

"లోపలికి రా." కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు పట్టుకున్న ఆమె చేతికి ఐదు ఎర్రటి గోళ్లు. పొడవుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. "నన్ను సుత గట్లనే తిన్నది. ఇంట్ల వంట చేస్తుంటె లేకుండె. పెండ్లిళ్లల్ల, పండుగలల్ల లేకుండె. గా కుర్చీల కూసుంటె చాలు. రంగు ఏసుకుంటెనన్న ఆగుతదనుకున్న. రంగు సుత తిన్న."

"ఆ రూముల ఏమన్న ఉన్నదా అక్కా?"

స్వరాజ్యం ఎదురుగా కూర్చుంది. వంటింట్లో కుక్కర్ ఒక కూత వేసింది.

"ఉన్నదనే అనుకున్న రెండేండ్లు. దిష్టి తీయించిన, తాయెత్తు కట్టుకున్న. ఆఖరికి అమీర్‌పేటల ఒక డాక్టరమ్మ కాడికి పోయిన. ఆమె నన్నొకటే అడిగింది. తొమ్మిది గంటలు నువ్వు ఏం చేస్తవమ్మా అని. సూస్త అన్న. సూసి ఏం చేస్తవ్ అన్నది." స్వరాజ్యం తన చేతులు తిరగేసి చూసుకుంది. "దొంగ దొరుకుతడు నెలకొక్కడు. మిగిలినదంత ఊకె సూసుడే గద బిడ్డా. కండ్లకు పనుంటది, గుండె దడదడ కొట్టుకుంటనే ఉంటది. చేతికి పని లేదు. అది ఎతుక్కున్నది."

ఆవిడ డాక్టరమ్మ అడ్రసు రాసి ఇచ్చిన చీటీ పట్టుకుని ఆ మధ్యాహ్నమే చంద్రిక అమీర్‌పేట వెళ్లింది. మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య రెండో అంతస్తులో చిన్న గది. కుసుమకుమారి గారు మానసిక వైద్యురాలు. భీమవరం వైపు మనిషి. అరవై దాటిన వయసు, దళసరి కళ్లద్దాలు. చెప్పిందంతా విని ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఒక పని చేద్దాం. పది నిమిషాలు మీ ఉద్యోగం గురించి చెప్పండి. చెప్తూ ఉండగా కుడిచేయి ముఖంవైపు లేస్తే, ఎడమచేతి వేలు ఇలా ఎత్తండి. అంతే."

చంద్రిక చెప్పింది. చేతుల గురించి, దొంగల గురించి, ఏసీ రొద గురించి. జాగ్రత్తగా గమనించుకుంటూనే చెప్పింది. మూడుసార్లు వేలెత్తింది.

"మీరు మూడన్నారు," అంది కుసుమకుమారి. "నేను పంతొమ్మిది లెక్కపెట్టాను. ఇప్పుడిది ఇరవయ్యోది."

చంద్రిక కిందికి చూసింది. చూపుడువేలు కింది పెదవికి ఆనుకుని ఉంది. చల్లగా ఉంది. ఆమె ఎడమచేత్తో దాన్ని పట్టి ఒడిలోకి దించింది.

"అమ్మా, మా అత్తమ్మ అంటున్నది, నా చేతిల ఎవరో ఉన్నరని."

డాక్టరమ్మ నవ్వలేదు. "దెయ్యం కాదు, పిచ్చీ కాదు. ఇది చాలామందికి ఉంటుంది. కొందరికి చిన్నతనంతో పోతుంది, కొందరికి మిగిలిపోతుంది. విసుగూ ఆందోళనా కలిసినచోట బాగా ముదురుతుంది. మీ చేయి ఈ పని ఎంతకాలం చేసిందంటే, ఇక మిమ్మల్ని అడగక్కర్లేకుండా నేర్చుకుంది. మీ అత్తగారు చెప్పినట్టు అది వచ్చి పోతోందనే అనుకుందాం. వచ్చేటప్పుడు మీరు ఇంట్లో ఉండటం లేదు. ముందు మనం చెయ్యాల్సింది అదే. తలుపు దగ్గర మీరు ఉండాలి."

ఆవిడ చెప్పిన పనులు చిన్నవే. గోళ్ల గరుకు అంచులు ఆకురాయితో నున్నగా చేసుకోవాలి, ఎందుకంటే వేలికి గరుకు తగిలితే దాన్ని కొరికేదాకా ఊరుకోదు. ఎండిన చర్మానికి కొబ్బరినూనె రాయాలి. చిన్న పుస్తకం ఒకటి దగ్గరుంచుకుని, చేయి లేచిందని తెలిసిన ప్రతిసారీ, ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది, అంతకుముందు ఒంట్లో ఏమనిపించింది రాయాలి. లేచిన చేతిని తిట్టకుండా, పిడికిలి బిగించి తొడమీద ఆనించి, కోరిక తగ్గేదాకా నిమిషంపాటు అలాగే ఉంచాలి. ఇంట్లోవాళ్లు కసరకూడదు, కావాలంటే భుజం తట్టవచ్చు.

మొదటి పదిరోజులు పుస్తకంలో దాదాపు ఏమీ లేదు. చేయి నోట్లో ఉండగానో, అంతా అయిపోయి ఉప్పగా నెత్తురు తగిలినప్పుడో తెలిసేది. పన్నెండోరోజు, తెరల్లో జనం పలచగా ఉన్న వేళ, ఆమె దాన్ని రాకముందే పట్టుకుంది. చేయి ఇంకా ఒడిలోనే ఉంది. లేవలేదు. బొటనవేలు ఒక్కటే కదులుతోంది. మిగిలిన నాలుగు వేళ్ల కొనల్నీ ఒకదాని తరవాత ఒకటి మెల్లగా తడుముతోంది. నున్నగా ఉన్నదాన్ని వదిలేసి పక్కదానికి పోతోంది. వీధిలో ఏ ఇంటికి తాళం వేయలేదో చూసుకుంటూ పోయే మనిషిలా ఉంది దాని నడక. నిదానంగా, వణుకు లేకుండా, నిద్రలో ఉన్నట్టు. ఐదేళ్లుగా ఆమె ముప్ఫై రెండు గడుల్లో వెతుకుతున్న కదలిక అది.

చంద్రిక ఊపిరి బిగబట్టి దాన్నే చూసింది. చిటికెన వేలి దగ్గర గరుకు తగిలింది. బొటనవేలు ఆగింది. చేయి లేవబోయింది. ఆమె పిడికిలి బిగించింది. పట్టుబడ్డ పిట్టలా అది లోపల కొట్టుకుంది. నిమిషం చాలా పొడుగ్గా గడిచింది. తరవాత పుస్తకం తీసి, సమయం వేసి, "చూసిన" అని రాసింది.

ఇది మొదట ఎప్పుడు మొదలైందో ఇంట్లో కనుక్కోమంది డాక్టరమ్మ. చంద్రికకు జ్ఞాపకం లేదు. తమ్ముడి దగ్గర ఉంటున్న తండ్రిని అడిగింది. మొగిలయ్య బీడీ ఆర్పేశాడు.

"మీ అమ్మ పోయినంక నిన్ను పనికాడికి తీస్కపోదును. గీడనే పంజగుట్టల పెద్ద బిల్డింగు లేపుతుండె. నిన్ను ఇసుక కుప్పమీద కూసోబెట్టి నేను నాలుగో అంతస్తు ఎక్కుదును. పైకెల్లి సూస్తె నువ్వు నోట్లె వేళ్లు వెట్టుకొని నన్నే సూస్తుంటివి. కన్నార్పకపోదువు."

"నాకు యాదికి లేదే నాయినా."

"ఒకనాడు నా పక్కాయన పడ్డడు. నీ ముందల్నే పడ్డడు బిడ్డా. అందరు ఒర్రుతున్నరు, ఉరుకుతున్నరు. నువ్వు ఒర్రలే. కదలలే. నేను దిగొచ్చి ఎత్తుకునేదాక నోట్లకెల్లి వేలు తీయలే." మొగిలయ్య ముఖం తిప్పుకున్నాడు. "పడ్డది నేననుకున్నవేమో. అప్పుడు నీకు ఐదేండ్లు."

ఆ ఇసుక, ఆ మనిషి, ఆ మధ్యాహ్నం ఏదీ ఆమెలో లేదు. ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకలేదు. అదంతా గుర్తున్నది ఆ చేయి ఒక్కదానికే అనిపించింది. డాక్టరమ్మతో ఆ మాటే అంటే, ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఒక్క సంఘటనే కారణమని నేను చెప్పలేను. కానీ మిమ్మల్ని కాపాడటానికి ఆ చేతికి తెలిసిన పని అదొక్కటే అయి ఉంటుంది. దాని మీద కోపం వద్దు," అంది.

తగ్గడం తిన్నగా తగ్గలేదు. దసరా నాటికి ఎడమచేతి గోళ్లు తెల్లటి అంచు తొడిగాయి. ధనత్రయోదశి రద్దీలో మూడు రోజుల్లో అన్నీ పోయాయి. ఇంటికి వచ్చి రుద్రమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. రుద్రమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చి, కసరకుండా వేళ్లకు రాసింది.

ఆ తరవాతే చంద్రిక ధైర్యం చేసి ఫణీంద్రను అడిగింది. తొమ్మిది గంటలు ఒక్కరే ఆ గదిలో ఉండకూడదని, గంటకోసారి లేచి కింద అంతస్తులో తిరిగి రావాలని, రెండో కుర్చీ వెయ్యాలని. స్వరాజ్యం సంగతి కూడా చెప్పింది. మడిచిన కాగితం బల్లమీద విప్పింది. ఎర్రవీ, తెల్లవీ కలిసి ఉన్న ఆ కుప్పను ఫణీంద్ర చాలాసేపు చూశాడు.

"ఏంటమ్మా ఇది," అన్నాడు చివరికి. "నేను ఓనరుగారితో మాట్లాడతాను."

నెలరోజులకు రెండో కుర్చీ వచ్చింది, దానితోపాటు మానస అనే అమ్మాయి వచ్చింది. గదిలో ఇప్పుడు ఒక గొంతు ఉంది. చంద్రిక కుడిచేతికి పెన్ను ఇచ్చి, ప్రతి కౌంటర్ దగ్గరా ఎంతమంది ఉన్నారో పావుగంటకోసారి రాయడం పెట్టుకుంది. ఆ కాగితాలు ఎవరూ అడగరు. అయినా రాస్తుంది. అప్పుడప్పుడు పెన్ను ఆగిపోతుంది, బొటనవేలు వెతుకులాట మొదలుపెడుతుంది. ఇప్పుడు అది కదలగానే ఆమెకు తెలుస్తుంది. మెడ వెనక ఎవరో నిలబడ్డట్టు చల్లగా తెలుస్తుంది. అది పూర్తిగా పోతుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, చంద్రిక అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద నెయిల్‌కట్టర్ కొంది. ముప్ఫై నాలుగేళ్ల వయసులో అది కొనడం ఆమెకు మొదటిసారి. ఇంటికి తెచ్చి అటూ ఇటూ తిప్పింది, ఎలా పట్టుకోవాలో తెలియలేదు. ఆమె భర్త విజయేందర్ మెట్రోలో ఎస్కలేటర్లు బాగుచేసే మెకానిక్. గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, "ఇటు తే," అన్నాడు.

చంద్రిక కుడిచేయి ఆయన అరచేతిలో పెట్టింది. ఎప్పుడూ లేనంత బరువుగా ఉంది అది. ఎవరో కొత్తమనిషిని ఆయనకు అప్పగించినట్టు అనిపించింది. విజయేందర్ ఆమె బొటనవేలు పట్టుకుని, మొదటి గోరు టక్కున కత్తిరించాడు. ఆమె ఉలిక్కిపడింది.

"నొచ్చిందా?"

"లేదు," అంది. "తెలిసింది."

ఆయనకు అర్థం కాలేదు. తల వంచి రెండో వేలు అందుకున్నాడు. చంద్రిక రెప్పవేయకుండా తన చేతినే చూస్తూ కూర్చుంది.